కూచిపూడి, పెయింటింగ్, ఇన్‌స్టలేషన్ (హాలునే కళాకృతిగా మలచడం) ఒకే హాల్లో కలపాలంటే పని ఎవరు మొదలుపెట్టాలి? ప్రొజెక్టర్ తప్పనిసరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు కూచిపూడి డాన్సర్, మీ స్నేహితుడు పెయింటర్. హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ వాళ్ళు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న హాలు పది రోజులు ఇస్తామన్నారు. స్టేజీ ఉండదు, జనం లోపల తిరుగుతూ చూడాలి. మీరు డాన్స్ కంపోజ్ చేసుకున్నాక ఆయన బొమ్మలు వెయ్యాలా, ఆయన వేశాక మీరు డాన్స్ కట్టాలా అన్నది ఒక సందేహం. ప్రొజెక్టర్లు లేకపోతే దాన్ని ఇమర్సివ్ (చూసేవాళ్ళని చుట్టుముట్టే పని) అనరేమో అన్న టెన్షన్ ఇంకొకటి. బడ్జెట్ తక్కువ.

సూటిగా చెప్తాను. ఎవరూ ముందు మొదలుపెట్టొద్దు, ఇద్దరూ ఆ హాల్లోనే, ఒకే రోజు, ఒకే వస్తువుతో మొదలుపెట్టండి. ప్రొజెక్టర్ తప్పనిసరి కాదు, మీ బడ్జెట్‌కి అయితే నేను వద్దనే అంటాను. మీ డాన్స్ వల్ల ఆ బొమ్మ మారాలి, ఆ బొమ్మ వల్ల మీ డాన్స్ మారాలి. ఈ రెండిట్లో ఏ ఒక్కటి జరగకపోయినా అది బొమ్మల ముందు డాన్స్ అవుతుంది, లేదా డాన్సర్ ఉన్న ఎగ్జిబిషన్ అవుతుంది. అవి రెండూ మంచివే కావచ్చు, కానీ మీరు అడిగింది అవి కావు.

నేను చాలా ఏళ్ళుగా డాన్స్ ప్రొడక్షన్లకి లైటింగ్, సెట్ చేస్తున్నాను. సభా మందిరాల్లోనూ గ్యాలరీల్లోనూ చేశాను కాబట్టి ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు, విడివిడిగా ఎందుకు చేసుకోకూడదో. అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కనింగ్‌హామ్ వాళ్ళు అలాగే చేశారు కదా అని ఎవరైనా అంటారు, నిజమే. ఆయన కంపెనీలో డాన్స్, సంగీతం, సెట్ దేనికది తయారై చివర్లో కలిసేవి. 1968లో ఆయన చేసిన రెయిన్‌ఫారెస్ట్ అనే డాన్స్‌నే తీసుకోండి. చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేసిన వెండి రంగు దిండ్లు, హీలియం నింపిన పల్చటి ప్లాస్టిక్‌వి, 1966లోనే న్యూయార్క్ గ్యాలరీలో ప్రదర్శించినవి, అవే స్టేజీ మీదకి తెచ్చారు. సంగీతం డేవిడ్ ట్యూడర్‌ది. డాన్సర్లు వేసుకున్న ఒంటిరంగు బట్టల్ని చిత్రకారుడు జాస్పర్ జాన్స్ అక్కడక్కడా కోసి చిరుగులు చేశాడు. ఏదీ దేనికోసమూ చెయ్యలేదు. కానీ అసలు సంగతి చూడండి: ఆ దిండ్లు గాలిలో ఉంటాయి, కాలు తగిలితే పక్కకి పోతాయి, ఏ రోజు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. అంటే విడివిడిగా చేసినా, స్టేజీ మీదకి వచ్చాక ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి. పైగా ఆ మనుషులు ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళు, ఏం జరిగినా తట్టుకునేలా ఆ డాన్సర్ల శిక్షణ ఉండేది. మనకి జతికి జతి, దాని ముగింపులో ముక్తాయింపుకి ముక్తాయింపు తాళం లెక్కగా ఉండే నృత్యం, చేతిలో ఉన్నది పది రోజులు. వాళ్ళ పద్ధతి మనకి కలిసిరాదు.

మన దగ్గరే ఇంతకంటే దగ్గరి దారి ఉంది. సింహనందిని అనే నృత్యాన్ని మీరు నేర్చుకుని ఉండకపోయినా విని ఉంటారు. నేల మీద రంగుపొడి పరిచి, పైన గుడ్డ కప్పి, 128 అక్షరాల (లెక్కల) సింహనందన తాళంలో ఆడుతూ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తారు. మయూర కౌత్వంలో నెమలి. ఆలయ నృత్యాలుగా ఉన్న వీటిని మళ్ళీ వెలుగులోకి తెచ్చిన గురువు సి.ఆర్. ఆచార్యులు. ఇక్కడ చిత్రకారుడూ నర్తకీ ఒకరే, కుంచె పాదమే. తాళం తప్పితే బొమ్మ తప్పుతుంది. నృత్యం, చిత్రం కలపడం అంటే ఏమిటో ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు ఎక్కడా కనబడలేదు. డాన్సర్లు ఎవరైనా వచ్చి కొత్తగా ఏదో చెయ్యాలి అంటే నేను ముందు దీని గురించే మాట్లాడతాను.

దీన్నుంచే పుట్టిన ఒక పని గురించి కాస్త వివరంగా చెప్తాను, మీకు నేరుగా పనికొస్తుంది. ఒక కూచిపూడి డాన్సర్, ఒక పెయింటర్, నేను కలిసి చేశాం. నేల మీద ప్లైవుడ్, దాని మీద తెల్లటి మందపాటి కాటన్ గుడ్డ, డాన్సర్ పాదాలకి బొగ్గుపొడి. సింహమో నెమలో గియ్యాలని కాదు, మామూలుగా ఆమె అంశం ఆమె ఆడుతుంది, గుడ్డ మీద ఏం పడితే అది పడుతుంది. ఆట అయ్యాక ఆ గుడ్డ తీసి హాల్లో నిలువుగా వేలాడదీశాం, మర్నాటికి కొత్త గుడ్డ. రోజులు గడిచేకొద్దీ హాలంతా అంతకుముందు రోజుల డాన్స్‌తో నిండిపోయింది, కొత్తగా వచ్చిన జనం వాటి మధ్యలోంచి నడిచి వచ్చేవాళ్ళు. దగ్గరికి వెళ్ళి చూస్తే మడమ దెబ్బ పడిన చోట నల్లటి గుండ్రటి మచ్చ, కుదిత్త మెట్టు (వేళ్ళ మీద ఎగిరి మడమ కొట్టే అడుగు) వేసిన చోట వేళ్ళ గుర్తులు ఐదూ విడివిడిగా, భ్రమరి తిరిగిన చోట చక్రంలా చెరిగిన బూడిదరంగు. ఆమె కదలకుండా నిలబడి అభినయం చేసిన చోట మాత్రం రెండు పాదాలు అచ్చు గుద్దినట్టు. డాన్స్ తెలిసినవాళ్ళు గుడ్డ చూసి ఇక్కడ తీర్మానం (ముగింపు జతి) వేశారు కదా అని చెప్పగలిగారు. పెయింటర్ ఆ గుడ్డల మీద తర్వాత చాలా కొద్దిగా పనిచేశాడు, ఒక్కోదాని మీద ఒకటి రెండు గీతలు, అంతే. ఎక్కువ వెయ్యకుండా ఆగడమే ఆయన చేసిన పెద్ద పని.

ఇలాంటిది మీరు చెయ్యాలనుకుంటే జాగ్రత్తలు: పొడి జారుతుంది, కాబట్టి గుడ్డకి ముందే తుమ్మ జిగురు కలిపిన నీళ్ళు పల్చగా పట్టించి ఆరబెట్టాలి, అప్పుడు పొడి పట్టుకుంటుంది. గుడ్డ అంచుల్ని చుట్టూ స్టేపుల్ కొట్టి బిగించాలి. లేకపోతే తిరిగేటప్పుడు కాలి కింద ముడతపడి చీలమండ మడతపడుతుంది. పొడి గాలిలోకి లేస్తుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్ళు ముందు వరసలో ఉండకుండా గుమ్మం దగ్గరే బోర్డు పెట్టాలి. పట్టు కాస్ట్యూమ్ వద్దు, రంగు వెయ్యని కాటన్ కుట్టించుకోండి, అంచు నల్లబడితే అది కూడా బొమ్మలో భాగమే.

ఇందులో ఇంకో లాభం ఉంది, అది మీరు ఇంకా ఆలోచించి ఉండరు. గ్యాలరీ పొద్దున్నుంచి సాయంత్రం వరకు తెరిచి ఉంటుంది. మీరు పది రోజులూ, రోజంతా ఆడలేరు. మీరు లేని గంటల్లో ఆ హాలు ఏం చేస్తుంది? చాలా ప్రయత్నాలు దెబ్బతినేది ఇక్కడే. డాన్సర్ ఉన్న ముప్పావుగంట అద్భుతం, మిగతా రోజంతా ఖాళీ సెట్. 2012లో లండన్ బార్బికన్ ఆర్ట్స్ సెంటర్‌లో ర్యాండమ్ ఇంటర్నేషనల్ అనే కళాబృందం వాళ్ళు రెయిన్ రూమ్ పెట్టారు, మనిషి ఎక్కడ నడిస్తే అక్కడ వాన ఆగిపోతుంది. దానిలో కొరియోగ్రాఫర్ వేన్ మెక్‌గ్రెగర్ డాన్సర్లు కొన్ని వేళల్లో ఆడారు, కానీ వాళ్ళు లేనప్పుడు కూడా అక్కడికి వచ్చిన మామూలు మనిషి చేతులు చాపుకుని నెమ్మదిగా నడుస్తూ తానే డాన్సర్ అయ్యాడు. కొరియోగ్రాఫర్ విలియం ఫోర్సైత్ వందల కొద్దీ లోలకాలు పైనుంచి వేలాడదీసి, తగలకుండా నడవమంటాడు, అంతే, జనం వాళ్ళకి తెలియకుండానే ఒళ్ళు వంచి, ఆగి, పక్కకి తప్పుకుని నాట్యం చేస్తారు. వాళ్ళకున్న డబ్బు మనకి లేదు, కానీ ఆ ఆలోచనకి డబ్బు అక్కర్లేదు. మీ హాల్లో జనం ఎలా నడవాలో, ఎక్కడ వంగాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించేది మీ స్నేహితుడి బొమ్మల అమరికే. దాన్ని కూడా కొరియోగ్రఫీ అనుకుని మీరిద్దరూ కలిసి చెయ్యండి.

ఇప్పుడు ప్రొజెక్టర్ సంగతి. నాకు దాని మీద కోపమేమీ లేదు. 1999లో కనింగ్‌హామ్ చేసిన బైపెడ్‌లో డాన్సర్ల కదలికల్ని మోషన్ క్యాప్చర్ చేసి (కంప్యూటర్లోకి ఎక్కించి), ఆ గీతల బొమ్మల్ని స్టేజీ ముందు కట్టిన పారదర్శక తెర మీద వేశారు, మనుషులూ గీతలూ కలిసి ఆడతాయి, చాలా అందమైన పని. కానీ మన దగ్గర నేను తరచుగా చూస్తున్నది వేరు. వెనక గోడ నిండా అడవులు, పువ్వులు, గెలాక్సీలు కదులుతుంటాయి, ముందు పాపం డాన్సర్ ఆడుతుంటుంది, కళ్ళు మాత్రం గోడ మీదకే పోతాయి. కదిలే వెలుగు ఎప్పుడూ మనిషి మొహాన్ని ఓడిస్తుంది. అభినయం ప్రాణంగా ఉన్న నృత్యానికి ఇది చాలా పెద్ద నష్టం.

ఇక మీ హాలు కొలతలకి లెక్క చూద్దాం. మామూలు ఆఫీసు ప్రొజెక్టర్‌కి త్రో రేషియో (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అనుకుంటే, 12 అడుగుల వెడల్పు బొమ్మకి 18 అడుగుల దూరం కావాలి. అంటే మీ 30 అడుగుల వెడల్పులో సగానికి పైగా దూరం దాని కాంతిదారిలోనే పోతుంది, జనం అందులోంచి నడిస్తే గోడ మీద వాళ్ళ తలల నీడలు. షార్ట్ త్రో 0.5ది అయితే 6 అడుగులు చాలు, కానీ అద్దె ఎక్కువ, అప్పుడు కూడా మీరు గోడకి దగ్గరగా వస్తే మీ నీడ పడుతుంది. నీడే కావాలనుకుంటే అది వేరే సంగతి, తోలుబొమ్మలాట అంతా దాని మీదే నడిచింది. సన్నటి తోలు మీద రంగులు, వెనక దీపం, మధ్యలో తెల్లటి తెర. ఒక్క ఎల్ఈడీ లైటు, ఒక మల్మల్ గుడ్డ, వెనక మీరు, ఇంత ఖర్చుతో మీ నీడని మీ అంత నుంచి గోడంత వరకు మార్చగలను. దీపానికి దగ్గరగా వస్తే నీడ పెరుగుతుంది, తెరకి దగ్గరైతే మీ కొలతకి వస్తుంది, అంచు పదునవుతుంది.

సెన్సర్ పెట్టి మీ కదలికకి బొమ్మ స్పందించేలా చేద్దామని ఎవరైనా ఇంజనీర్ ఫ్రెండ్ అంటే, నెమ్మది కదలికలకి మాత్రమే ఒప్పుకోండి. కెమెరా పట్టడం, కంప్యూటర్ లెక్కవెయ్యడం, ప్రొజెక్టర్ వెయ్యడం అన్నీ అయ్యేసరికి కొంచెం ఆలస్యం తప్పదు, నెమ్మది లయ అయిన విలంబంలో అది తెలియదు, వేగమైన మూడో కాలంలో జతి పడుతుంటే బొమ్మ మీ వెనక పరిగెత్తుతున్నట్టు కనబడుతుంది. తాళం తెలిసిన ప్రేక్షకుడికి అది భరించలేని విషయం.

గుడ్డలు, వలలు వేలాడదీసే ముందు గజ్జెలు కట్టుకుని చూడండి. సన్నటి నెట్ గుడ్డ దూరం నుంచి పొగలా ఎంతో బాగుంటుంది, ముందు నుంచి లైటు వేస్తే గోడలా నిలబడుతుంది, వెనక లైటు వేస్తే మాయమవుతుంది, అందుకే డిజైనర్లందరికీ ఇష్టం. కానీ గజ్జె నోరు ఆ కన్నాల్లో ఇరుక్కుంటుంది. కాలు లాగితే దారం వస్తుంది, దారంతో పాటు తెర మొత్తం వస్తుంది. జడకుప్పెలు, వంకీ కూడా అంతే. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు నెట్ ఉండకూడదు అన్నది నేను ఎప్పుడూ పెట్టే షరతు.

నేల గురించి. గ్యాలరీల్లో గ్రానైటో టైల్సో ఉంటాయి, దాని మీద పది రోజులు తట్టు మెట్లు వేస్తే మోకాళ్ళు, మడమలు, ముందు పిక్క ఎముక దెబ్బతింటాయి. రీపర్ల (చెక్కపట్టీల) మీద 18 ఎంఎం ప్లైవుడ్ వేయించండి, కింద గాలి ఉండాలి, అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు ఉండకూడదు. 12 అడుగులకి 12 అడుగులు చాలు. డబ్బు ఎక్కడ ఆదా చేసినా ఇక్కడ చెయ్యొద్దు. దాని వల్ల పాదం శబ్దం కూడా బాగా వస్తుంది, ఖాళీ హాల్లో స్పీకర్ల మోత కంటే అది ముఖ్యం.

జనం చుట్టూ ఉన్నప్పుడు డాన్స్ ఎలా మారాలన్నది మీరు ఒక్కరే కూర్చుని చెయ్యాల్సిన పని, కొద్దిగా కష్టమైనది. మనం ఈరోజు నేర్చుకునేదంతా ఎదురుగా ఉన్న సభకి. కానీ వీధి భాగవతం ఆడిన రోజుల్లో నేల మీదే ఆట, జనం దగ్గరగా ఉండేవాళ్ళు. భామాకలాపంలో ప్రవేశం గుర్తు చేసుకోండి. ఇద్దరు మనుషులు చేత్తో పట్టుకున్న తెర, దాని మీదుగా సత్యభామ జడ. స్టేజీ లేదు, వింగు (స్టేజీ పక్క తెర) లేదు, ఒక గుడ్డతో ఒక లోకాన్ని కట్టి, ఒక్క జడతో పాత్రని చెప్పేశారు. ఇన్‌స్టలేషన్ అని మనం ఇప్పుడు వెతుక్కుంటున్నది ఇదే. ఎటైనా తీసుకెళ్ళగలిగే ఆ తెరని మీ హాల్లో వాడండి, మీ స్నేహితుడు దాని మీద బొమ్మ వెయ్యనివ్వండి, ఇద్దరు దాన్ని పట్టుకుని జనం మధ్యలోంచి నడవనివ్వండి.

దగ్గరితనం వల్ల ఇంకో మార్పు. నాలుగు అడుగుల దూరంలో ప్రేక్షకుడు ఉంటే రవీంద్రభారతి చివరి వరసకి అందేలా చేసే కనుబొమ్మల కదలిక మరీ ఎక్కువైపోతుంది. మేకప్ సగానికి తగ్గించండి. మీ ఊపిరి వినబడుతుంది, చెమట కాటుకలోంచి జారడం కనబడుతుంది, దాన్ని దాచాలని చూడొద్దు, జనం దగ్గరికి వచ్చేది అది చూడ్డానికే. మొదలయ్యే ముందు ఎక్కడ నిలబడతారో కూడా తేల్చుకోండి. 1983లో కొరియోగ్రాఫర్ ట్రిషా బ్రౌన్ చేసిన సెట్ అండ్ రీసెట్ అనే డాన్స్‌కి చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ పక్క తెరలు పారదర్శకంగా చేశాడు, ఆడని డాన్సర్లు కూడా కనబడతారు. మీ హాల్లో దాక్కునే చోటు ఎలాగూ లేదు కాబట్టి మీరు గజ్జెలు కట్టుకోవడం కూడా జనం ముందే జరగనివ్వండి, అది చూడదగ్గ పని.

ఒకసారికి 35, 40 మందికి మించి లోపలికి పంపొద్దు. 1,200 చదరపు అడుగుల్లో బొమ్మలు, మీ ఆట చోటు, నడిచే దారి పోను మిగిలేది అంతే. కుర్చీలు వేస్తే ముందు వరస వీఐపీలది అయిపోతుంది, అది సభ అయిపోతుంది. గోడల వెంబడి జంపఖానాలు పరవండి, పెద్దవాళ్ళకి నాలుగు స్టూళ్ళు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు ఉంటే హాలు బయటే, ముందే పూర్తి చెయ్యండి. లోపలికి అడుగుపెట్టగానే పని మొదలైపోవాలి.

భద్రత విషయంలో రెండు మాటలు. ఫాల్స్ సీలింగ్‌కి ఏదీ వేలాడదీయొద్దు, అసలు స్లాబుకి హుక్కు ఎక్కడుందో అడిగి చూసుకోండి. గుడ్డలకి దగ్గరగా వేడెక్కే పాత పార్‌క్యాన్ స్టేజీ లైట్లు వద్దు, ఎల్ఈడీలే వాడండి. బయటికి పోయే దారికి అడ్డంగా ఒక్క గుడ్డ కూడా ఉండకూడదు. దీపాలు నిజమైనవి పెట్టాలని మీ స్నేహితుడు పట్టుబడితే గుడ్డలకి బాగా దూరంగా, పక్కన మనిషిని పెట్టి మాత్రమే.

మొదటి వారం ఏం చెయ్యాలో చెప్తాను. గ్యాలరీ దొరకకపోతే ఎక్కడైనా ఖాళీ హాల్లో నేల మీద టేపుతో 30 × 40 గీసుకోండి. తాళ్ళు కట్టి పాత చీరలు వేలాడదీయండి, న్యూస్‌పేపర్లు, ముగ్గుపిండి, అట్టపెట్టెలు, దొరికినవన్నీ తెచ్చుకోండి. మీరు వాటిలో ఆడండి, ఆయన గియ్యనివ్వండి. తర్వాత ఆయన్ని ఆడమనండి, మీరు కుంచె పట్టుకోండి. సిగ్గుపడకుండా ఇది చేస్తేనే ఒకరి పనిలో బరువు ఎక్కడుందో ఇంకొకరికి తెలుస్తుంది. వారం చివరికి ఒక్క పదార్థాన్ని ఎంచుకుని మిగతావన్నీ బయట పడెయ్యండి. గుడ్డా, మట్టా, నీడా, కాగితమా, ఏదైనా ఒక్కటే. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్ళకి ఇదే అతిపెద్ద ఆదా, కళకి కూడా మంచిది.

చివరిగా, స్నేహితులు కదా అని ఊరుకోకుండా ఒక కాగితం రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టంలో కొరియోగ్రఫీ నాటక కృతి కిందకి వస్తుంది, కానీ అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. అందుకే రిహార్సల్స్ నుంచే వీడియో తీసి తేదీతో దాచుకోండి. బొమ్మలు కళాకృతుల కింద వస్తాయి. పాదముద్రలున్న గుడ్డ ఎవరైనా కొంటే డబ్బు ఎలా పంచుకోవాలి? ఆ గుడ్డ లేకుండా మీరు అదే అంశం ఇంకోచోట ఆడొచ్చా? మీరు లేకుండా ఆయన ఆ గుడ్డల్ని ఇంకో ఎగ్జిబిషన్‌లో పెట్టొచ్చా? పోస్టర్ మీద ఎవరి పేరు ఎక్కడ? లైటింగ్, సంగీతం చేసినవాళ్ళ పేర్లు ఎక్కడ? ఒక పేజీలో తెలుగులోనే రాసుకుని ఇద్దరూ సంతకాలు చెయ్యండి. విడిపోయిన స్నేహాల్లో ఎక్కువ భాగం షో బాగా ఆడాకే విడిపోవడం చూశాను, ఫెయిలైనప్పుడు కాదు.

హాలు ఫోటోలు, సీలింగ్ ఎత్తు, కిటికీలు ఎటువైపు ఉన్నాయి, పవర్ పాయింట్లు 5 ఆంపియర్లవా 15వా అన్నది ఇక్కడ పెట్టండి. పగటి వెలుగు లోపలికి వస్తుంటే నీడల ప్లాన్ పూర్తిగా మారిపోతుంది, అది చూసి లైట్లు ఎన్ని, ఎక్కడ అన్నది గీసి ఇస్తాను.